తెల్ల అంచు, నల్ల అంచు

స్నానం చెయ్యాలంటే ఇల్లాలు మొగుడి అనుమతి అడగాల్సిన ఇల్లు ఈ పొలిచ్కా ఊరు మొత్తంలో మాదొక్కటే ఉంటుంది. అడగడమంటే మర్యాదగా కాదు. తలుపు మీద పిడికిలితో గుద్ది, "హినెక్! ఇంకెంతసేపు కుళ్ళుతావు లోపల?" అని. లోపల నేను చిమ్మచీకట్లో, తొట్టి మీద అడ్డంగా వేసిన బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మందునీళ్ళ పళ్ళేల్లో ఫిల్ము ముక్కల్ని వేళ్ళతో అటూ ఇటూ తిప్పుతుంటాను. "ఇంకో పన్నెండు నిమిషాలు. తలుపు తీశావంటే మర్యాద దక్కదు" అంటాను. ముప్పై ఏళ్ళుగా మా సంసారం ఇదే.

నా కెమెరా ఒక చెక్క పెట్టె. ముందు కటకం, వెనక గరుకు అద్దం, మధ్యలో హార్మోనియం తిత్తిలాంటి నల్లటి తోలు. దీనికి ఫిల్ము చుట్టగా రాదు. ఒక్కో ఫొటోకి అరచేతికన్నా పెద్ద ముక్క ఒకటి కావాలి. ఆ ముక్కని చీకట్లో తడుముకుంటూ హోల్డరనే చట్రంలో దూర్చాలి. పెట్టె, స్టాండు, హోల్డర్లు, గుడ్డ అన్నీ కలిపి పద్నాలుగు కిలోలు. అవి మోసుకుంటూ కొండెక్కి, స్టాండు నిలబెట్టి, గుడ్డ కప్పుకుని, తలకిందులుగా కనిపించే లోకాన్ని సరిచేసుకునేసరికి మబ్బు వచ్చేస్తుంది. లేదా ఎవడో ట్రాక్టరు తెచ్చి సరిగ్గా ఎదురుగా ఆపి, "తాతా, సర్వే చేస్తున్నావా?" అని అడుగుతాడు. ఏడాదికి వంద ముక్కలు తగలేస్తే చూడదగ్గవి ఆరు వస్తాయి. ఆ ఆరింటినీ చూసేది నేనూ, నా స్నేహితుడు ఒటాకరూ. వాడు నావి బాగాలేవంటాడు, నేను వాడివి బాగాలేవంటాను.

నిజం చెప్పాలంటే నాకే విసుగు పుట్టేసింది. నడుం పట్టేస్తోంది. పెట్టె కొనే ఆసామి ఒకడు బ్ర్నో నగరంలో సిద్ధంగా ఉన్నాడు, నెలనెలా ఫోను చేసి "అమ్ముతారా?" అంటాడు. నేను "చూద్దాం" అంటాను. అలా అన్న ప్రతిసారీ బ్లాజెనా, అంటే మా ఆవిడ, వంటగదిలో గిన్నె కాస్త గట్టిగా పెడుతుంది.

అక్టోబరులో మా మామగారి విషయం తేలింది. ఆల్బీన్, ఎనభై నాలుగేళ్ళు, పక్క లోయలో ఒక్కడే ఉంటాడు, జీవితమంతా వడ్రంగం చేసిన మనిషి. నాలుక కింద పుండు. ఆయన దాన్ని ఏడాదిపాటు లవంగాలు నమిలి దాచాడు. హ్రాదెత్స్ పెద్దాసుపత్రిలో డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు: దవడలో ఒక వైపు తీసెయ్యాలి, నాలుక దాదాపు మొత్తం తీసెయ్యాలి. ప్రాణం నిలుస్తుంది. మాట పోతుంది. మొహం ఇలా ఉండదు. సోమవారం రమ్మన్నారు.

దారిలో బస్సులో బ్లాజెనా ఒక్క మాటే అంది. "నా దగ్గర నాన్న ఫొటో ఒక్కటి కూడా లేదు."

అది నిజం. ఏ ఫొటో చూసినా ఆల్బీన్ వీపో, చెయ్యో, టోపీయో ఉంటుంది. మా పెళ్ళి ఫొటోలో ఆయన సరిగ్గా మీట నొక్కే సమయానికి కుర్చీ కాలు ఊగుతోందని వంగి చూస్తున్నాడు. బ్లాజెనా ఫోను ఎత్తితే చాలు, అరచెయ్యి అడ్డం పెట్టేస్తాడు. పోనీ గొంతైనా పట్టి ఉంచుకుందామని ఫోను బల్ల మీద పెడితే, అది తీసేదాకా పెదవి విప్పడు.

"ఎందుకు నాన్నా, ఒక్కటి తీసుకోనీ" అని ఆయన్ని ఇంట్లో దింపాక ఆమె బతిమాలింది.

"ఆ ఫోన్లో నా మొహం ఉంటే ఏముందమ్మా, వేలితో తోసేస్తారు. నాకు ముందు ఎవడో తిన్న సూపు, నా వెనకాల ఎవరిదో పిల్లి." నా వైపు తిరిగాడు. "అల్లుడి పెట్టె ఉందిగా. దానికైతే కూర్చుంటా. ఒక్కసారి."

ఆ పెట్టెమీద ఆయనకి గౌరవం. మూలల్లో చెక్కకి చెక్క పళ్ళు కరిపించిన తీరు చూసి, "దీన్ని చేసినవాడు పని తెలిసినవాడు" అన్నాడోసారి. నా గురించి ముప్పై ఏళ్ళలో అంత మాట అనలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర బ్లాజెనా నాతో ఒప్పందం చేసుకుంది. "ఈ ఒక్క ఫొటో సరిగ్గా తీసిపెట్టు. చచ్చేదాకా స్నానాలగది నీదే, నేను బకెట్టు పట్టుకుని పెరట్లో పోసుకుంటా. ఇది పాడు చేశావా, ఆ పెట్టె బ్ర్నో వెళ్ళిపోవాలి. నేను ఇంక దాని మొహం చూడను."

"సరే" అన్నాను. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, ఒక ముసలాయన ఫొటో తియ్యలేనా?

తీరా మర్నాడు చూస్తే ఇంట్లో ఫిల్ము లేదు. ఉన్న పెట్టె ఖాళీ. శుక్రవారం సాయంత్రం, కొట్టుకి ఆర్డరిస్తే వచ్చేది మళ్ళీ బుధవారమే. ఒటాకర్ ఇంటికి పరిగెత్తాను. నేనూ వాడూ ఫొటో సంఘంలో నలభై ఏళ్ళుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటున్నవాళ్ళం. వాడు ఈ మధ్య చక్కెరదుంపల గుట్టల్ని తీస్తున్నాడు. పొలాల పక్కన పోసిన, పంచదార తీసే బీటు దుంపలు. వాటిలో ఏదో ఉందంటాడు. నాకైతే దుంపలే కనిపిస్తాయి.

ఒటాకర్ గేటు దగ్గరికే సంచీ తెచ్చిచ్చాడు. "నాలుగు హోల్డర్లున్నాయి. రెండు నీకోసం కొత్త ఫిల్ము ఎక్కించాను, ఒక్కో దాంట్లో రెండు వైపులా. మిగతా రెండూ నా దుంపలు, తీసేసినవి. ఎలాగూ మందునీళ్ళు కలుపుతావు కదా, నావి కూడా అందులోనే కడిగెయ్యిరా."

"ఏవి ఏవో ఎలా తెలుస్తుంది?"

"ఒరే, నిన్నగాక మొన్న మొదలుపెట్టావా? అంచు చూస్తే తెలీదూ?"

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. హోల్డరు మూత ఒక రేకులా ఉంటుంది, ఫొటో తీసే ముందు పైకి లాగుతాం, తీశాక మళ్ళీ దోపుతాం. దాని పై అంచు ఒక వైపు తెలుపు, ఇంకో వైపు నలుపు. వాడిన ముక్కనీ వాడని ముక్కనీ గుర్తుపట్టడానికే ఆ రంగులు. అంచు చూస్తే చాలు, పసివాడికైనా తెలిసిపోతుంది. "సరే" అని సంచీ భుజాన వేసుకున్నాను.

శనివారం పదింటికి ఆల్బీన్ వడ్రంగి కొట్టులో స్టాండు నిలబెట్టాను. ఉత్తరం కిటికీలోంచి మెత్తటి వెలుగు వస్తోంది. ఆయన్ని పనిబల్ల పక్కన ముక్కాలి పీట మీద కూర్చోబెట్టాను. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు, పై బొత్తాం దాకా పెట్టుకున్నాడు. నేను గుడ్డ కప్పుకున్నాను, బయటికి వచ్చాను, కటకం కాస్త వంచాను, మళ్ళీ గుడ్డలోకి దూరాను.

"ఏం అల్లుడూ, ఫొటో తీస్తావా, గుడారం వేస్తావా?"

"కదలకండి మామయ్యా."

"ఆ గుడ్డ కింద ఏం చూస్తావయ్యా ఇంతసేపు?"

"మిమ్మల్నే. తలకిందులుగా."

"ముప్పై ఏళ్ళుగా అలాగే చూస్తున్నావుగా."

గుడ్డ కింద నవ్వుకున్నాను. అద్దం మీద ఆయన మొహం ఎంత బాగుందంటే నాకే ఆశ్చర్యం వేసింది. దవడ మీద వాపు ఒక పక్క కొంచెం తెలుస్తోంది. కళ్ళ కింద ముడతల్లో రంపం పొట్టు ఇంకా ఉంది. బయటికి వచ్చి మీట పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఈ కెమెరాతో అదొక్కటి ఉంది: తీసేటప్పుడు దాని వెనక దాక్కోలేం. పక్కన నిలబడి ఎదుటి మనిషిని ముఖాముఖీ చూడాల్సిందే.

అప్పుడే గుమ్మం దగ్గర బ్లాజెనా జేబులోంచి ఫోను సగం బయటికి తీసింది. "హినెక్, నాన్న నిన్నే చూస్తున్నాడు. పక్కనుంచి ఒక్కటి తీసేస్తాను. ఎందుకైనా మంచిది."

నా కొవ్వు అక్కడ బయటపడింది. "లోపల పెట్టు" అన్నాను. "నా మీద నమ్మకం లేకపోతే చెప్పు, ఇప్పుడే పెట్టె కట్టేస్తాను."

ఆమె ఫోను లోపల పెట్టేసింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సంచీలోంచి తెల్ల అంచు హోల్డర్లు రెండూ తీశాను. నల్ల అంచువి ఒటాకర్ దుంపలు, అవి సంచీలోనే వదిలేశాను. నాలుగు ఫొటోలు తీశాను. నాలుగు సార్లూ ఆయన బండలా కూర్చున్నాడు. నాలుగు సార్లూ మూత తిప్పి నల్ల అంచు పైకి వచ్చేలా దోపాను. ఏమీ మర్చిపోలేదు, ఏమీ తడబడలేదు. అంత శుభ్రంగా ఎన్నడూ తియ్యలేదు. తిరుగుదారిలో బ్లాజెనా భుజం మీద చెయ్యి వేసి, "పెరట్లో బకెట్టు సిద్ధం చేసుకో" అన్నాను.

ఆదివారం భోజనం అయ్యాక స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కాను. మందు ఎలా ఉందో ముందు చూసుకోవాలి కదా, అందుకని తెలివిగా ఒటాకర్ దుంపలు మొదట వేశాను. పాడైతే వాడివే పాడవుతాయి. కడగడం అయ్యాక లైటు వేసి చూస్తే నాలుగు ముక్కలూ కిటికీ అద్దాల్లా ఉన్నాయి. చుక్క లేదు, గీత లేదు.

నవ్వాపుకోలేకపోయాను. తలుపు తీసి కేకేశాను. "బ్లాజెనా! ఒటాకర్‌కి మతి పోయింది. కటకం తెరవకుండానే నాలుగు ఫొటోలు తీశాడు. సంఘంలో ఈ కథ చెప్పకపోతే నా పేరు హినెక్ కాదు!"

"నీవి చూడు ముందు" అంది వంటగదిలోంచి.

లైటు ఆర్పి నావి వేశాను. పదకొండు నిమిషాలు. కడిగి, లైటు వేసి, మొదటి ముక్క ఎత్తి పట్టుకున్నాను.

ఆల్బీన్ ఉన్నాడు. ఆయన నుదుటి మీద చక్కెరదుంపలున్నాయి. కళ్ళల్లో దుంపలు. చొక్కా నిండా దుంపలు. వెనక కిటికీ ఉండాల్సిన చోట ట్రాక్టరు చక్రం ఒకటి. రెండో ముక్కలోనూ దుంపలే, మూడో దాంట్లోనూ, నాలుగో దాంట్లో దుంపల గుట్ట మీద ఆయన మొహం ఆరేసిన గుడ్డలా వేలాడుతోంది.

తొట్టి అంచు మీద కూలబడ్డాను. నేను తీసింది ఒటాకర్ వాడేసిన ముక్కల మీద. కడిగి పారేసి నవ్వుకున్నవి కొత్తవి. ఇంట్లో ఉన్న నాలుగు మంచి ముక్కల్నీ నా చేతుల్తో నేనే మందులో ముంచేశాను.

ఒటాకర్‌కి ఫోను చేశాను. "ఒరే దరిద్రుడా, తెల్ల అంచు అంటే ఏమిట్రా?"

"వాడేసింది. ఏం?"

"వాడేసిందా! తెల్ల అంచు అంటే కొత్తదిరా! తెల్లగా, మచ్చలేకుండా, ఇంకా ఎవడూ ముట్టుకోనిది! తెల్ల కాగితం మీద రాత ఉంటుందా ఎక్కడైనా?"

"నీ బొంద. వెలుగు తెల్లగా ఉంటుంది. తెల్ల అంచు అంటే వెలుగు తగిలిందని. లోపల చీకటిగా ఉన్నదానికి నలుపు, వెలుగు చూసినదానికి తెలుపు. ఇందులో అర్థం కానిది ఏముంది?"

"నలభై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నావా?"

"నలభై ఏళ్ళుగా నువ్వు అలా చేస్తున్నావా?"

ఎవడి హోల్డర్లు వాడే నింపుకుంటాడు, ఎవడివి వాడే కడుక్కుంటాడు. ఒకడి పెట్టెలో ఇంకొకడు చెయ్యి పెట్టే అవసరం ఒక్కనాడూ రాలేదు. ఫిల్ము గురించీ మందుల గురించీ కటకాల గురించీ నలభై ఏళ్ళు కొట్టుకు చచ్చాం. ఈ ఒక్కటీ ఎవడూ అడగలేదు, అడిగేంత సందేహం ఎవడికీ రాలేదు.

"ఇంకా ఫిల్ముందా?" అన్నాను.

వెతికినట్టున్నాడు, చాలాసేపటికి మళ్ళీ ఫోనులోకి వచ్చాడు. "ఫ్రిజ్‌లో ఒక్క ముక్క. చాలా పాతది, తారీఖు దాటి ఆరేళ్ళయింది. తెస్తానుండు."

సైకిలు మీద తెచ్చాడు. హోల్డరు మీద బ్యాండేజీ టేపు అంటించి, పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలతో 'కొత్తది, ఇంకా తీయలేదు' అని రాశాడు. నా మొహం చూసి లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు.

బ్లాజెనాకి చెప్పాల్సి వచ్చింది. ఆమె ఆ నాలుగు ముక్కల్నీ ఒక్కొక్కటిగా బల్ల లైటుకి పెట్టి చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఫోను తీసింది నేను. లోపల పెట్టమంది నువ్వు" అంది.

"అవును."

"మా నాన్న మొహం నీ మొండితనం కన్నా తక్కువైపోయింది నీకు."

రేపు ఏడున్నరకి అంబులెన్సు వస్తుంది. "ఆరింటికి వెళదాం. ఒక్క ముక్క ఉంది. నువ్వు ఫోను కూడా తీసుకో, నేను అడ్డు రాను" అన్నాను.

"నువ్వు అడ్డు రాకపోతే సరిపోయిందా? ఆయన ఒక్కసారే అన్నాడు" అంది, వెళ్ళి పడుకుంది.

సోమవారం పొద్దున్న ఆల్బీన్ వంటగదిలో కోటూ టోపీ పెట్టుకుని, కాళ్ళ దగ్గర చిన్న పెట్టె పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బయట ఇంకా తెల్లారలేదు, వాన తుంపర. నేను స్టాండు భుజాన వేసుకుని గుమ్మంలో దొంగలా నిలబడ్డాను.

"మళ్ళీ ఎందుకొచ్చింది ఆ పెట్టె?"

ఉన్నదున్నట్టు చెప్పాను. తెల్ల అంచు, నల్ల అంచు, దుంపలు, అన్నీ. తిడతాడనుకున్నాను. ఆయన మొహం మీద నెమ్మదిగా నవ్వు లాంటిది వచ్చింది, పుండు నొప్పికి సగంలో ఆగింది.

"మా కొట్లో నేనూ ఇంకొకడూ ఉండేవాళ్ళం" అన్నాడు. ఇప్పటికే మాట కాస్త ముద్దగా వస్తోంది. "చెక్క మీద గీత గీసి ఒక పక్క కత్తిరి గుర్తు వేస్తే, నా లెక్కలో అది పారేసే వైపు. వాడి లెక్కలో ఉంచుకునే వైపు. ఒక పెళ్ళివారి బల్లలకి ఎనిమిది కాళ్ళు, ఓక్ చెక్కవి, పొయ్యిలోకి పోయాయి."

"తర్వాతేం చేశారు?"

"ఏం చేస్తాం? ఇంకో ఎనిమిది చేశాం. పెట్టు నీ పెట్టె."

బ్లాజెనా ఫోను తీసింది. ఆల్బీన్ అరచెయ్యి లేచింది. "అది లోపల పెట్టమ్మా. లేకపోతే లేచిపోతా." ఆమె నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఫోను లోపలికి వెళ్ళిపోయింది.

వంటగది దీపం ఒకటి, కొట్లోంచి తెచ్చిన దీపం ఇంకొకటి. మీట ఎంతసేపు నొక్కి ఉంచాలో లెక్క కడితే రెండు సెకన్లు వచ్చింది. ఫిల్ము ముసలిది కాబట్టి నాలుగు ఇవ్వాలి. చావుకొచ్చింది. నాలుగు సెకన్లు ఎనభై నాలుగేళ్ళ మనిషి కదలకుండా ఎలా కూర్చుంటాడు? తలని గోడకి ఆనించి పెట్టాను. చేతులు మోకాళ్ళ మీద పెట్టించాను.

"మామయ్యా, ఒక్క ముక్కే ఉంది. నేను నాలుగు లెక్కపెట్టేదాకా ఊపిరి కూడా వద్దు. కళ్ళు ఆర్పినా పరవాలేదు. మొహం మాత్రం కదలకూడదు. ఏం జరిగినా సరే."

"అర్థమైందిలే."

టేపు పీకాను. మూత లాగాను. మీట నొక్కాను. "ఒకటి" అన్నాను. ఆయన బొమ్మలా ఉన్నాడు. బ్లాజెనా నా వెనకనుంచి నడిచి వాకిలి తలుపు తీసింది, అంబులెన్సు వచ్చిందేమో చూడటానికి. చల్లగాలి ఈడ్చి కొట్టింది. "రెండు." ఆయన కళ్ళు నన్ను దాటి తలుపు వైపు వెళ్ళాయి. "మూడు" అంటున్నాను, అంతలో ఆయన నోరు తెరిచాడు.

"బొత్తాలు పెట్టుకోమ్మా. చలి."

"నాలుగు" అనే మాట నా గొంతులోనే ఉండిపోయింది. మీట వదిలేశాను.

"మామయ్యా! కదలొద్దన్నానా లేదా? ఒక్క నాలుగు సెకన్లు! నాలుగంటే నాలుగు!" ఇల్లదిరేలా అరిచాను. ఆయన నన్ను చూడలేదు, కూతురు కోటు బొత్తాలు పెట్టుకునేదాకా ఆమెనే చూశాడు. తర్వాత లేచి తన పెట్టె తనే అందుకున్నాడు. సందు చివర అంబులెన్సు దీపాలు కనిపించాయి.

బ్లాజెనా ఆయనతో వెళ్ళింది. నేను ఇంటికొచ్చి ఆ ఒక్క ముక్కా కడిగాను. ఏమాత్రం ఆశ లేకుండా కడిగాను. కడిగిన దాన్ని ఆరబెట్టి, కాగితం మీద పరిచి, పైన అద్దం పెట్టి అచ్చు తీశాను. టోపీ అంచు స్పష్టంగా ఉంది, కోటు నేత లెక్కపెట్టొచ్చు, చేతి వేళ్ళ మీద పాత ఉలిదెబ్బలు కూడా పడ్డాయి. కళ్ళు చక్కగా ఉన్నాయి, కాకపోతే నావైపు లేవు. ముక్కు దిగువ నుంచి గడ్డం దాకా మాత్రం ఎవరో బొటనవేలితో రుద్దేసినట్టు చెదిరిపోయింది. సోమవారం దాటితే ఉండదని ఏ దవడ కోసం ఇంత యాతన పడ్డామో, సరిగ్గా అదే లేదు. ఫోను అయితే నూరో వంతు క్షణంలో నోటిని నోటిలా పట్టేసి ఉండేది. బ్ర్నో ఆసామి నంబరు తీసి బల్ల మీద పెట్టుకున్నాను.

ఆపరేషను ఏడు గంటలు పట్టింది. బ్లాజెనా మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చింది. కోటు కూడా విప్పకుండా కూర్చుంది. "బతికాడు" అంది. "మాట రాదన్నారు, అంతే."

టీలో రమ్ము పోసి ఇచ్చి, అచ్చు ఆమె ముందు పెట్టాను. "చూడు. నేనే చెబుతున్నా, పాడైపోయింది. ఒప్పందం ఒప్పందమే. పెట్టె అమ్మేస్తాను. ఇవాళే ఫోను చేస్తాను."

ఆమె చాలాసేపు చూసింది. వేలు తీసుకెళ్ళి ఆ చెదిరిన చోట పెట్టబోయి, తాకకుండా ఆపింది.

"ఏది పాడైంది?" అంది.

"కనిపించట్లేదూ? నోరు. కదిలిపోయాడు."

"కదల్లేదు హినెక్. నాతో మాట్లాడాడు." "ఆయన మాట్లాడిన ఆఖరు మాట ఇది. అంబులెన్సులో నొప్పికి మందిచ్చారు, ఇంకేం అనలేదు. నేను బొత్తాలు పెట్టుకోకుండా నిలబడ్డాను చూడు, ఆ క్షణం ఇది."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరిమీదో తెలీదు. బ్ర్నో ఆసామికి ఆ రోజు ఫోను చెయ్యలేదు. మర్నాడు చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. అంతకన్నా తెగించి ఏ నిర్ణయమూ తీసుకోలేదు, అబద్ధమెందుకు.

పదకొండో రోజు ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. నేను చూడటం అదే మొదలు. కట్లు కొన్ని విప్పేశారు. మొహం ఒక పక్క లోపలికి వెళ్ళిపోయింది, పెదవి వంకరగా కుట్టుకుపోయింది, ముక్కులో గొట్టం. కళ్ళు మాత్రం ఆల్బీన్‌వే. నేను ఎక్కడ చూడాలో తెలియక దుప్పటి చూస్తున్నాను. బ్లాజెనా సంచీలోంచి అచ్చు తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా తెచ్చి చూశాడు. పక్కనున్న కాగితాల పుస్తకం అందుకుని, చెవి మీదున్న పెన్సిలు తీసి, చెక్క మీద కొలతలు రాసేవాడిలా విడివిడి అక్షరాలతో రాసి నా వైపు తిప్పాడు.

'నువ్వు వద్దన్నావు. నేనే కదిలాను.'

"పరవాలేదు మామయ్యా" అన్నాను. "అది నా తప్పు. శనివారం తీసినవి పాడుచేసింది నేను."

ఆయన విసుగ్గా చెయ్యి ఊపాడు, నోరు మూసుకోమన్నట్టు. పుస్తకం లాక్కుని మళ్ళీ రాశాడు. ఈసారి ఎక్కువసేపు పట్టింది. నా చేతికిచ్చి, ఆ కొత్త మొహాన్ని ఏమాత్రం పక్కకి తిప్పకుండా నన్నే చూశాడు.

'ఇప్పుడు తియ్యి. ఇంక మాట్లాడలేనుగా, కదలను.'

నా దగ్గర ఏమీ లేదు. పద్నాలుగు కిలోలూ ఇంట్లో ఉన్నాయి. "రేపు తెస్తాను మామయ్యా" అన్నాను. బ్లాజెనా ఆయన దుప్పటి సర్దుతూ, నా వైపు చూడకుండానే అంది:

"పొద్దున్నే తే. ఈ కిటికీలో వెలుగు పదింటిదాకానే బాగుంటుంది."